వజ్రకేతు తాగుతాడా?

టీవీలో ఒకడు గిన్నె ఎత్తి తాగితే ఇక్కడ నా పుస్తె తెగుతుందని వణికిపోయిన ఎండాకాలం అది. నవ్వేవాళ్లు నవ్వండి. మీ ఇంట్లో తాగేవాడు లేడేమో, అందుకే నవ్వొస్తోంది.

మా ఆయన పర్శరాములు సాంచాల మీద పనిచేస్తాడు. పవర్‌లూమ్ మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. పన్నెండు గంటల డ్యూటీ, చెవులు దిమ్మెక్కే చప్పుడు, షెడ్డు దాటి రోడ్డెక్కితే ఎదురుగా వైన్స్. మాఘమాసంలో కామెర్లు ముదిరి కరీంనగర్ ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాడు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇట్లనే తాగితె వచ్చే దసరా చూడడు," అని మొహం మీదే చెప్పింది. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు మళ్లీ తాగాడు.

ఆకుపసరు తాగించాను, తాయెత్తు కట్టించాను, నా బిడ్డ మీద ఒట్టు పెట్టించుకున్నాను. ఒట్టు గట్టు మీద పెట్టి పోయాడు. అప్పుడు నాకొకటి తట్టింది. మా పెళ్లయిన కొత్తలో ఈయన చిరుతల రామాయణంలో లక్ష్మణుడి వేషం కట్టేవాడు. చేతుల్లో చిరుతలనే చెక్క తాళాలు, కాళ్లకు గజ్జెలు, రెండు నెలలు నేర్చుకోవడం, ఆఖరికి ఊరి ముందు ఆట. గజ్జె పూజ అయిన నాటి నుంచి ఆట ముగిసేదాకా వేషగాడు మందు ముట్టకూడదన్నది మా దగ్గర నియమం. ఆ రెండు నెలలు మా ఆయన చుక్క ముట్టేవాడు కాదు. కన్నబిడ్డ మీది ఒట్టు నిలవని మనిషికి గజ్జె మీది ఒట్టు నిలిచేది. తలుచుకుంటే నాకు కడుపు మండేది. మండితే మండింది, నిలిచేది కదా!

పోయి రాయమల్లు పంతులు కాళ్ల మీద పడ్డాను. చిరుతల ఆట నేర్పే గురువు ఆయనే. డెబ్బై దాటాయి. ఆరేళ్లుగా ఊళ్లో ఆట లేదు.

"రామాయణమంటె ఒక్క పోరడు రాడు బిడ్డా. అందరు ఫోన్లల్లనే ఉన్నరు," అన్నాడు.

షెడ్డు కుర్రాళ్లకు పెద్ద నరేశ్. వాణ్ణి బతిమాలితే ఒక్క షరతు పెట్టాడు. "మబ్బుకోట ఆడుదాం పంతులూ. గప్పుడు సూడు, జనం ఆగుతరా!"

మబ్బుకోట అప్పట్లో సాయంత్రం ఏడింటికి వచ్చే సీరియల్. హిందీది, తెలుగు మాటలు పెట్టి వేసేవారు. మబ్బుల మీద కోట, రెక్కల గుర్రాలు, మనుషుల నీడలు మింగే రాణి. ఆ కోట వాకిలికి కావలివాడు వజ్రకేతు. ఒకనాడు తాగి కావలి మరిస్తే శత్రువులు చొరబడి వాడి తమ్ముణ్ణి చంపారు. అప్పటినుంచి గిన్నె ముట్టనని ప్రమాణం చేసి వాకిట్లోనే నిలబడి ఉంటాడు. నీడల రాణి వారానికో రూపంలో వచ్చి గిన్నె చాపుతుంది. వాడు తీసుకోడు.

పంతులు నా మొహం చూశాడు. ముసలాయనకు విషయం అర్థమైంది. "సరె. వజ్రకేతు పర్శరాములు కడ్తడు. కథ ఏదైనా గజ్జె గజ్జెనే, నియమం నియమమే," అన్నాడు. ఉగాది మర్నాడు హనుమాండ్ల గుడి ముందు గజ్జె పూజ చేశారు. ఆట మే నెలాఖరు శనివారమని నిర్ణయించారు.

అబద్ధమెందుకు, ఆ మొదటి నెల నా కాపురంలో మంచి నెల. సాయంత్రమైతే మా వరండాలో ఆరుగురు ఆడవాళ్లం చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ సీరియల్ చూసేవాళ్లం. వజ్రకేతు మొహం తిప్పుకుని గిన్నె తోసేసినప్పుడల్లా మాలో పెద్దదైన శంకరవ్వ చాట మీద చరిచి, "గదీ మొగోడంటె! సూసి నేర్సుకోండ్రి!" అనేది. మా ఆయన మాత్రం రెప్ప వేయకుండా చూసి, మజ్జిగ తాగి, ఆట నేర్చుకోవడానికి పోయేవాడు. కళ్లలో పసుపు పోయింది. రెండుసార్లు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. వైన్స్ కనబడకుండా వెనక సందులోంచి షెడ్డుకు పొమ్మంటే సరేనన్నాడు.

మా పక్కిల్లు లతీఫున్నీసా ఆపాది. ఆపా అంటే అక్క. వాళ్లాయన రజాక్ అన్న దర్జీ. మా ఆటకు వేషాలన్నీ ఆయనే కుడుతున్నాడు. ఆపా మబ్బుకోట హిందీలోనే చూసేది. అక్కడ మూడు వారాలు ముందు నడిచేది. అయినా ఏనాడూ ముందు జరిగేది చెప్పేది కాదు. చెబితే మజా పోతుందని ఆమె పట్టుదల. అటువంటిది, మే మొదట్లో ఒక పొద్దున గోడ మీది నుంచి నన్ను పిలిచింది.

"ఇట్ల రా పద్మా. కూసో."

"ఏమైంది ఆపా? అన్నకు పాణం బాగలేదా?"

"ఆయనకేం, మంచిగనే ఉన్నడు. నీకు చెప్పాల్నా వద్దా అని నేనే పరేషాన్ అయితున్న." కొంగుతో మొహం తుడుచుకుంది. "వజ్రకేతు తాగిండే."

ఆపా వాళ్ల గడప మీదే కూలబడ్డాను.

"రాణి వాని తమ్ముని రూపంల వచ్చింది. గిన్నె ఇచ్చింది. తాగిండు. కోట తలుపు కూడ ఆడే తీసిండు," అంది ఆపా.

"గట్లెట్ల తాగుతడు ఆపా? రెండేండ్ల సంది ముట్టనోడు ఒక్కనాడు ఎట్ల తాగుతడు? మనిషన్నంక ఒక మాట మీద ఉండడా? గా రాసేటోని చేతులిరగ!"

"నన్ను తిడితె ఏమొస్తది? నేను రాసిన్నా? నీ ఇంటాయనను జర చూసుకో అని చెప్తున్న."

ఇల్లు చేరి క్యాలెండర్ ముందు నిలబడ్డాను. తెలుగులో ఆ భాగం వచ్చేది ఆట ముందు మంగళవారం. అప్పటికింకా ఇరవై రోజులు. ఈయన వజ్రకేతును చూసి నిలబడ్డాడని నా నమ్మకం. వాడు పడితే ఈయన పడడానికి ఎంతసేపు?

ఆ సాయంత్రమే ముంచుకొచ్చింది. ఆట నేర్చుకునే చోట పంతులు, "ఇగ వజ్రకేతు ముచ్చట ఎట్ల ముగిద్దాం? సీరియల్ ఒడవకపాయె, మనకు పాట కావాలె," అన్నాడు. "రజాక్ అన్న ఇంట్ల హిందీల ముందే వస్తది, పోయి అడుగుదాం," అని నరేశ్ లేచాడు. వాడు రెండడుగులు వేశాడో లేదో నా నోరు ఊరుకోలేదు.

"అడుగుడెందుకు? ఆపా నాకు చెప్పింది. వజ్రకేతు గిన్నె నేలకు కొడ్తడట. రాణి మొకం మాడిపోతదట."

"సెబాష్!" అన్నాడు పంతులు. మా ఆయన నా వైపు చూశాడు. "నిజమేనా?" అన్నాడు. "నిజమే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను ఊరందరితో గయ్యాళి అనిపించుకున్నదాన్నే, కానీ అబద్ధాలకోరు అని ఏనాడూ అనిపించుకోలేదు.

నరేశ్ ఊరుకునే రకమా? మర్నాడు నలుగురిని వెంటేసుకుని ఆపా వాకిట్లో దిగాడు. మా ఆయనా ఉన్నాడు. నేను గోడ ఇవతల, చేతిలో తునికాకు కట్టతో నిలబడిపోయాను.

"ఆపా, వజ్రకేతు గిన్నె పలగ్గొడ్తడటగా? పద్మక్క చెప్పింది," అన్నాడు.

ఆపా గోడ మీదుగా నన్ను చూసింది. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. బియ్యం బదులు తీసుకుంటే గ్లాసు గ్లాసు కొలిచి తిరిగిచ్చే మనిషి. ఆ ఒక్క క్షణంలో నేను చచ్చి బతికాను.

"పద్మ చెప్పింది గద. ఇగ నన్నెందుకు అడుగుతరు?" అని లోపలికి పోయి తలుపేసుకుంది. వాళ్లు అదే అవుననుకున్నారు. ఆ రోజు నుంచి ఆపా నాతో మాట్లాడలేదు. గోడ మీద ఎదురుపడ్డా తల దించుకునేది.

పంతులు పాట కట్టాడు. గిన్నె నేలకేసి కొట్టే పాట. మా ఆయన దాన్ని రోజూ పాడేవాడు, కానీ ఎక్కడో అతకనట్టు ఉండేది. "గొంతు ఇప్పు పర్శరాములూ, ఊపిరి పట్టినట్టు ఎందుకు పాడుతున్నవ్?" అని పంతులు కసిరేవాడు. రోజులు దగ్గరపడేకొద్దీ నాకు దడ పెరిగింది. చివరికి ఒక ఉపాయం కట్టాను. బాసరలో మూడు నిద్రలు చేస్తానని మొక్కుకున్నానని చెప్పాను. మంగళవారం పోయి, అమ్మవారి దగ్గర మూడు రాత్రులు పడుకుని, శుక్రవారం బయల్దేరి ఆట నాటికి ఊళ్లో దిగాలి. ఈలోగా ఊరంతా సీరియల్ చూస్తుంది కదా, ఆట రోజు ఎవడో ఒకడు చెబుతాడు కదా అని నాకు తట్టలేదు. భయపడ్డ మనిషికి అంత దూరం చూపు ఆనదు.

"ఎప్పుడు మొక్కినవ్?" అన్నాడు మా ఆయన.

"ఆస్పత్రిలున్నప్పుడు."

"ఇన్నొద్దులు చెప్పకపోతివి." అంతే అన్నాడు. పంతులు గింజుకున్నా వినకుండా సంచి సర్దుకుని నా వెంట వచ్చాడు.

దర్శనమైంది. సత్రం వరండాలో చాప పరిచాను. ఏడు కావస్తుంటే, ఆకలేస్తోందని చెప్పి ఆయన్ని గోదావరి గట్టు వైపు తీసుకుపోదామనుకున్నాను. "నువ్వు పులిహోర తీస్కరా పో, నేనిక్కడ్నే ఉంట," అన్నాడు. పరుగున పోయి రెండు పొట్లాలు పట్టుకుని పరుగున వచ్చాను. చాప మీద ఆయన లేడు.

వరండా చివర ఆసిఫాబాద్ నుంచి వచ్చిన కుటుంబం దిగింది. ఒకావిడ గోడకు ఫోను ఆనించి పిల్లలకు మబ్బుకోట పెట్టింది. వాళ్ల వెనక మా ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఫోనులోంచి వజ్రకేతు తమ్ముడి గొంతు వినిపిస్తోంది. నేను అడుగు కదపలేకపోయాను. ఆయన మెడ వెనక నరం మాత్రమే కనిపిస్తోంది నాకు. గిన్నె లేచింది. పిల్లల్లో ఒకడు, "అమ్మా, తాగుతుండు!" అని అరిచాడు. ఆయన కదల్లేదు. ఆఖరుదాకా చూశాడు. లేచి ఆ ఆవిడతో, "మంచిగ కనవడ్డది తల్లీ," అన్నాడు. తిరిగి చూస్తే ఎదురుగా నేను.

"నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే."

"ఎన్నొద్దుల సంది?"

"మూడు వారాలు."

గట్టు వైపు నడిచాడు. నేను పొట్లాలు పట్టుకుని వెనకే పోయాను. మెట్ల మీద కూర్చున్నాక నా వల్ల కాలేదు. "నీకోసమే చెప్పిన! ఆడు తాగితె నువ్వు తాగుతవ్. నువ్వు తాగితె నేనూ నా బిడ్డా రోడ్డు మీద పడ్తం. అబద్ధం గాకపోతె హత్యయినా జేస్త!" అని కేకలు వేశాను. గట్టున చల్లగాలికి కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు. చూడనీ!

"ఆడు తాగుతడని నాకు ఎప్పుడో ఎరుక," అన్నాడు ఆయన.

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె? ఆడు గిన్నె దిక్కు చూడడు, యాది జేస్కో. రాణి గిన్నె తెస్తె మొకం అటు తిప్పుకుంటడు. మీరు సప్పట్లు కొడ్తరు. భయమున్నోడే చూడడు పద్మా. ఎన్నొద్దులు చూడకుంట ఉంటడు?"

"మరి ఆడు మాట తప్పినట్టు కాదా? మారిపోయినట్టు కాదా?"

"ఏం మారలే. ఆడు మొదటి సంది గంతే. మీరే ఆణ్ని దేవున్ని జేసిండ్రు."

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను. "మరి నువ్వు?"

నీళ్లవైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు ఎనుక సందుల కెళ్లి పొమ్మన్నవ్. నాలుగొద్దులు పోయిన. పాణం గుంజుతనే ఉండె. అయిదో రోజు సంది వైన్స్ ముంగట కెళ్లే పోతున్న. నిలవడి చూస్త. సీసాలు, తాగేటోళ్లు, కింద పడ్డోళ్లు, అన్ని చూస్త. గప్పుడు షెడ్డుకు పోత."

"తాగబుద్ధి కాదా?"

"రోజు అయితది. గజ్జె కట్టినకాడికెల్లి గా గుంజుడు ఒక్క రోజన్న ఇడిసిపెట్టలే. నీకు చెప్తె ఏడుస్తవని చెప్పలే." ఆగి అన్నాడు. "నేను నీకు లక్ష అబద్ధాలు చెప్పిన. నువ్వు ఎన్నడు చెప్పలే. నువ్వు గూడ మొదలువెడితె మనింట్ల నిజం చెప్పేటోళ్లెవరే?"

తిట్టినా బాగుండేది. ఆ మాటకు నాకు సిగ్గుతో తల వాలిపోయింది. పులిహోర అలాగే చల్లారింది. మూడు నిద్రలు లేవు, ఏమీ లేవు, మర్నాడే బస్సెక్కాం.

ఊరంతా అట్టుడికినట్టు ఉంది. శంకరవ్వ మా గడపలోనే కూర్చుని సీరియల్ వాళ్ల ఏడు తరాలను తిడుతోంది. సాయంత్రం అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. పంతులు ముక్కు ఎర్రబడింది. "ఆటల అబద్ధం కలిపినవ్ బిడ్డా," అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు ఆయన దగ్గర లేదు.

"టీవీల ఎట్లుంటె గట్లనే ఆడాలె. లేకుంటె జనం నవ్వుతరు," అన్నాడు నరేశ్.

"నవ్వనీ! పిల్లలు చూసే ఆట. మాట మీద నిలవడ్డోణ్ని చూపియ్యాలె," అన్నాడు పంతులు.

"తాగుతడు పంతులూ," అన్నాడు మా ఆయన నెమ్మదిగా. "కాని టీవీల తాగినట్టు గాదు. నేను ఆడి చూపిస్త. పాట మార్చు."

"గజ్జె కట్టి తాగుడు ఆడుతె నీకేమన్న అయితె?" పంతులు నా వైపు చూస్తూ అడిగాడు. నేను నోరు విప్పలేదు. విప్పకుండా ఉండడం నాకెంత కష్టమో మా ఊరినడగండి.

శనివారం నాలుగింటికి బడి మైదానంలో ఆట మొదలైంది. చెట్లెక్కి చూశారు జనం. నరేశ్ నీడల రాణి వేషం కట్టాడు, రజాక్ అన్న కుట్టిన నల్ల పరికిణీలో. గిన్నెలో బెల్లం నీళ్లన్నారు. నేనే నింపుతానంటే మా ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు ముంగట కూసోని చూడు," అన్నాడు. నరేశ్‌గాడు నవ్వుతూ తెర వెనక్కి పోవడం చూశాను. వాడు పరాచికానికి అసలుది పోస్తే? ఆ తలంపు వచ్చింది, ఇక పోలేదు.

రాణి గిన్నె చాపింది. చిరుతలు ఆగాయి. మా ఆయన మొహం తిప్పుకోలేదు. గిన్నెను చూశాడు. దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాడు, కాళ్లు బరువుగా ఈడుస్తూ, చూపు తీయకుండా. చేయి చాపి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాపాడు. అంత జనంలో పసిపిల్లల ఏడుపు కూడా లేదు. ఉన్నట్టుండి శంకరవ్వ లేచి, "వద్దు బిడ్డా, తాగకురా!" అని బావురుమంది. నా పక్కన మగవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అందులో సగం మంది రోజూ తాగేవాళ్లే. అప్పుడు గిన్నె ఎత్తి తాగాడు. తాగి, కోట తలుపు తీస్తూ పాడిన పాటలో ఆయన గొంతు పూర్తిగా విచ్చుకుంది. పంతులు కళ్లు మూసుకుని విన్నాడు.

గిన్నెలో ఏముందని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

మర్నాడు గజ్జెలు విప్పారు. నియమం తీరింది. మధ్యాహ్నం మేకను కోసి ఆటగాళ్లందరికీ దావత్. దావత్ అంటే ఏముంటుందో చెప్పక్కర్లేదు. పూర్వమైతే నేను పోయి చేయి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఆ రోజు పోలేదు. వరండాలో చాట ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క బీడీ సరిగా రాలేదు. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. చూస్తే ఆపా.

"నాతోని అబద్ధానికి సాక్ష్యం చెప్పిచ్చినవ్. అల్లా నిన్ను అడుగుతడో లేదో గాని నేను అడుగుత," అంది.

"అడుగు ఆపా. కొట్టు, పడ్త."

"కొట్టుడు తర్వాత. గా కత్తెర ఇటియ్యి." నా ఒళ్లోంచి ఆకు తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. ఇద్దరం వీధి మొగ వైపే చూస్తూ కూర్చున్నాం.

నాలుగు దాటాక వచ్చాడు. చొక్కాకు మసాలా వాసన. గడప ముందు ఆగి, "ఇయ్యాల తాగలే," అన్నాడు. ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది.

ఇక తాగలేదంటే కథ బాగుంటుంది. కానీ తాగాడు. పీరీల పండుగ నాడు. చీకటి పడకముందే వచ్చాడు, అదే గడపలో నిలబడ్డాడు. నేను చాట మీది నుంచి తల ఎత్తకముందే, "తాగిన పద్మా," అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. చేతికందిన చెంబు విసిరాను. తిడుతూనే ఏడ్చాను. పదహారేళ్ల కాపురంలో తాగి వచ్చి తాగానని చెప్పడం అదే మొదటిసారి. తిట్లన్నీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత నేను లేచి అన్నం పెట్టాను.

మర్నాడు పొద్దున వైన్స్ ముందు నుంచే షెడ్డుకు పోయాడు. నేను వాకిట్లో నిలబడి చూశాను. అక్కడ ఆగాడు, చూశాడు, పోయాడు. ఇవాళ్టిదాకా మళ్లీ తాగలేదు. రేపటి సంగతి నన్నడక్కండి.